పొగమంచులో జంట మోటర్లు

ఏది కావాలన్నా ఫోనులో వెతికి ఇంటికే తెప్పించుకునే కాలం కాదది. ఒక వస్తువు మన చేతికి రావాలంటే ముందు అది ఇంకెవరింట్లోనో పాడవ్వాలి, పాడై తుక్కులోకి చేరాలి, ఆ తుక్కులో మన కంట పడాలి. తొంభైల చివర్లో హైదరాబాదు పాతబస్తీలో మేం కట్టిన రిమోట్ పడవ అలా పుట్టిందే. అందులో ఒక్క ముక్కా పడవ కోసం తయారైంది కాదు. అన్నీ మొదటి జన్మ ముగించుకుని వచ్చినవే. ఆ సంగతి అప్పట్లో మాకు మహా గొప్పగా అనిపించింది. నిజానికి కాస్త భయపడి ఉండాల్సింది.

నాకప్పుడే కంచన్‌బాగ్ వైపు ఒక కర్మాగారంలో ట్రైనీ ఉద్యోగం వచ్చింది. మా అక్కా బావా మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్లు. నేనూ అక్కడే చేరాను. కింది వాటాలో ఇంటివాళ్లు, తరతరాలుగా కిరాణా టోకు వ్యాపారం చేస్తున్న కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడని వీధి వీధంతా అవ్వ అని పిలిచేది. బావది బందరు దగ్గర సముద్రం పక్క ఊరు. ఇక్కడ గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసరుకీ భయపడడు, పాముకీ భయపడడు. నీళ్లంటే మాత్రం వణుకు. పురానాపూల్ దగ్గర బస్సు మూసీ దాటుతుంటే కళ్లు గట్టిగా మూసుకునేవాడు (మూసీలో నీళ్లు వెతికితే గానీ కనబడవు, అది వేరే సంగతి). "వాళ్ల నాన్న పడవ మీద వెళ్లి తిరిగి రాలేదురా. ఆ మాట ఆయన దగ్గర ఎత్తకు" అని నేను వచ్చిన వారంలోనే అక్క హెచ్చరించింది. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, "ఏమోయ్ బావమరిదీ, మనమో పడవ కడదామా" అన్నాడు.

"నీళ్లలోకి ఎవరు దిగుతారు బావా?" అన్నాను.

"ఎవరూ దిగరు. మనం ఒడ్డునే ఉంటాం. రిమోటుతో పోతుంది, రిమోటుతో వస్తుంది." వంగి బూట్ల ముడి విప్పుతూ, "వెళ్లిన పడవ తిరిగి రావాలి. నాకు కావాల్సింది అంతే" అన్నాడు. నేను దాన్ని సాంకేతికమైన షరతుగా తీసుకున్నాను.

మేడమీద ఊడదీసి పెట్టిన పాత తలుపు పలకలే పడవకి ఒళ్లయ్యాయి. పైన రెజిన్ పూశాం. ఆ కంపుకి అక్క వారం రోజులు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వంట చేసింది. రేడియో సెట్టు, ఎదురింటి వాళ్లకి దుబాయ్ నుంచి వచ్చి చక్రాలు విరిగిన బొమ్మ కారుది. మోటర్లు పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్లో దొరికాయి. కార్ల రేడియేటర్ ముందు తిరిగే ఫ్యాన్ల మోటర్లవి, రెండూ ఒక్కలాంటివే. అవి ఏ కార్లవని అడిగితే అమ్మేవాడు ఆకాశం వైపు చూపించాడు. కారు పైకి పోయిందనా, కారుగలాయన పోయాడనా తేల్చలేదు. "జోడీ హై సాబ్, అలగ్ మత్ కరో. ఏక్ అకేలీ రోతీ" అన్నాడు. విడదీస్తే ఒంటరిది ఏడుస్తుందట. బావ నవ్వాడు. నేనూ నవ్వాను, బావ నవ్వాడు కాబట్టి.

రెండు స్కూటర్ బ్యాటరీలు, మోటర్లని ఆడించడానికి ఆటో హారన్ల రిలే స్విచ్చులు, నీళ్లు తోయడానికి ఇత్తడి రేకు కత్తిరించి నేను చేసిన పంకాలు, ఇవన్నీ బిగించాక పడవ మనిషంత పొడవైంది. మొదటి పరీక్ష కింది వాకిట్లో ఉన్న పాత నీళ్ల హౌజులో. పడవ అందులో కదలడానికి చోటు లేదు, నీళ్లు మాత్రం సుడులు తిరిగాయి. మోటర్ల మోత గోడలకి కొట్టుకుని పైకీ కిందకీ ఊగుతూ వచ్చింది. బియ్యం చెరుగుతున్న అవ్వ చేట పక్కన పెట్టింది.

"బిడ్డా, గది ఎవర్నో పిలుస్తున్నది. వినవడ్తలేదా?"

"మోటర్ల చప్పుడవ్వా."

"చప్పుడు నాకెర్క లేదా? ఇంట్ల పిండిగిర్ని ఉండె. గది గిట్ల పిలవలే" అంటూ చేట పట్టుకుని లోపలికి పోయింది.

పడవని మెట్ల కింద గదిలో పెట్టాం. ఒక మధ్యాహ్నం ఆ గదిలోంచి టక్, టక్ అని వినిపిస్తే తలుపు తీశాను. లోపల ఎవరూ లేరు. పడవ వెనక చుక్కాని దానంతటదే ఎడమకి తిరిగింది. ఆగింది. మళ్లీ ఎడమకి తిరిగింది. పడవలో స్విచ్చు ఆపడం మర్చిపోయాం, రిమోటేమో మేడమీద ఆఫ్ చేసి ఉంది. అలాంటప్పుడు రేడియో గాల్లో తిరిగే ఏ పిచ్చి సంకేతాన్నైనా అందుకుంటుందని నాకు తెలుసు. తెలిసినా కొంతసేపు గడప దాటి లోపలికి అడుగు పెట్టలేకపోయాను. బావకి చెబితే, "ఎటు తిరిగింది?" అని మాత్రం అడిగాడు.

చలికాలపు ఆదివారం తెల్లారగట్ల పడవని మీరాలం చెరువుకి తీసుకెళ్లాలని నిర్ణయించాం. పెయింటు చెడకుండా తెల్ల దుప్పటి కప్పాం, కదలకుండా తాడుతో కట్టాం, ఇద్దరం చెరో చివరా భుజాన వేసుకుని గల్లీలోంచి బయటికొచ్చాం. (ఈ వాక్యం చదివితే మీకు అర్థమైపోయింది. మాకు కాలేదు.) మసీదు నుంచి నమాజు ముగించుకుని వస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగి, చెప్పులు సర్దుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా మధ్యలో దూరి భుజం పట్టాడు. ఇంకో ఇద్దరు అటువైపు పట్టారు. బరువు తగ్గిందని నేను సంతోషించాను. వెనక ఎవరో మెల్లగా ప్రార్థన చదువుతున్నారు. పాలవాడు సైకిలు దిగి నిలబడ్డాడు.

"నామ్ క్యా థా?" పెద్దాయన బావని మెల్లగా అడిగాడు. పోయినాయన పేరేమిటని.

బావ ఉర్దూ అంతంతమాత్రం. మోస్తున్నది ఏమిటని అడుగుతున్నాడనుకున్నాడు. "నావ్" అన్నాడు.

"నవాబ్ సాబ్" అని పెద్దాయన తల ఊపి వెనకవాళ్లకి చెప్పాడు. మెయిన్ రోడ్డు మీద ట్రాలీ ఆటోలోకి దించేటప్పుడు దుప్పటి జారింది. నవాబుగారి కాళ్ల దగ్గర రెండు ఇత్తడి పంకాలు తళతళా మెరిశాయి. అందరూ చాలాసేపు చూశారు. పెద్దాయనకి కోపం రాలేదు. "కంధా దియే కా సవాబ్ తో మిలేగా నా?" అని, భుజం పట్టిన పుణ్యమైనా తనకి దక్కుతుందో లేదో ఆటోవాణ్ణి అడిగాడు. ఆటోవాడు దక్కుతుందని హామీ ఇచ్చాడు.

చెరువులో పడవ పోయింది గానీ నేరుగా పోలేదు. కొంత దూరం వెళ్లి, ఎవరో చెవి పట్టుకుని లాగినట్టు ఎడమకి వంగిపోయేది. ఎడమవైపు మూలంతా గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. ఒక మోటరు ఎక్కువ తిరుగుతోందేమోనని కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చాను. అలా మారిస్తే అప్పుడు కుడికి లాగాలి. మళ్లీ ఎడమకే లాగింది. బావ రిమోటు పట్టుకుని ఆ మూలకేసే చూస్తూ, "దానికి అక్కడేదో పనుందోయ్" అన్నాడు.

అందులో దయ్యం పనేమీ లేదని ఆ వారమంతా బుర్ర పగలగొట్టుకున్నాక తేలింది. నేను రెండు పంకాలనీ ఒకే అచ్చుతో కత్తిరించాను. రెండూ ఒకే వైపు తిరుగుతున్నాయి, అందుకే పడవ ముక్కు ఎప్పుడూ ఒకవైపే పోతోంది. ఒకదాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి చేసి, ఆ మోటరుకి తీగలు మార్చి కలిపాను. వేగంగా తిరిగే మోటరుకి కరెంటు తీగలో హీటరు కాయిల్ ముక్క అడ్డం పెట్టి రెండో దానితో సమం చేశాను. మరుసటి ఆదివారం పడవ గీత గీసినట్టు నేరుగా పోయింది. నేను ఒడ్డున మహారాజులా నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాను.

ఆ రోజు పొగమంచు దట్టంగా ఉంది. కట్ట కింది కమానులు సగానికి మాయమయ్యాయి. పడవ ఆ తెల్లదనంలోకి దూరింది. "ఇక తిప్పండి బావా" అన్నాను. బావ తిప్పాడు. మోత ఆగలేదు, దగ్గరికీ రాలేదు. రిమోటు ఆపేశాడు. అయినా మోత ఆగలేదు. (రిలే స్విచ్చు వేడికి అతుక్కుపోయిందని తర్వాత తెలిసింది.) కాసేపటికి ఆ మోత ఎడమ మూల నుంచి రావడం మొదలైంది. అవతల జూపార్కులో సింహం ఒకసారి గర్జించి ఊరుకుంది.

"వచ్చేస్తుందిలెండి, బ్యాటరీ అయిపోయాక గాలికి కొట్టుకొస్తుంది" అన్నాను.

"అలాగే అనేవాళ్లు అందరూ" అన్నాడు బావ. ఎవరు అనేవాళ్లో నేను అడగలేదు. ఆయన చెప్పులు విప్పి, ఒడ్డున కట్టేసి ఉన్న చేపలవాళ్ల థర్మకోల్ తెప్ప తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి ఊడి రావడం లేదు. "మీరొద్దు బావా, నేను వెళ్తాను" అన్నాను, నాకూ ఈత రాదని ఆ క్షణంలో మర్చిపోయి. ఆయన ముడి లాగి ఊడదీసి, ఎక్కి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నేను వెనక ఎక్కి చెక్కముక్కతో నీళ్లు తోశాను.

ఒడ్డు కనబడకుండా పోయింది. ముందూ వెనకా ఒకటే తెలుపు. అప్పుడు వినబడింది. మోటర్ల మోతే, కానీ మోతలా లేదు. ఎవరో దూరం నుంచి, నీళ్ల మీద నోటికి చేతులడ్డం పెట్టుకుని, సాగదీసి పిలుస్తున్నట్టుంది. ఊగుతూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. చివర "ట్టీ" అన్నట్టు నాకూ వినబడింది. బావ కళ్లు తెరిచాడు. తెప్ప మీద లేచి నిలబడి, "ఆఁ, వస్తున్నా" అన్నాడు.

తెప్ప బోల్తా పడింది. ఇద్దరం నీళ్లలో మునిగాం. నేను చేతులూ కాళ్లూ కొట్టుకుని, దేవుళ్లనందర్నీ పిలిచి, బురద మింగి, చివరికి బావ నా చొక్కా పట్టి లేపితే చూశాను. ఆయన నిలబడి ఉన్నాడు. నీళ్లు నడుం దాకానే ఉన్నాయి. ఆయన ఆ నీళ్లనీ, తన నడుమునీ మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

గుర్రపుడెక్క అవతల నుంచి, "మనుషులేనా?" అని ఒక గొంతు వచ్చింది.

"మనుషులమే" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

"నిజం చెప్పుర్రి. గింత పొద్దుగాల నీళ్లల్ల నిలవడి ఏం జేస్తున్రు?" మంచులోంచి చేపలు పట్టే మనిషి ఒకడు బయటికొచ్చాడు. అతని వలలో మా పడవ బోర్లా పడి, పంకాలు గాల్లో తిప్పుతూ మూలుగుతోంది. వలని అతను తనకి వీలైనంత దూరంగా పట్టుకున్నాడు. "గిసోంటి చాప నా బతుకుల సూడలే. ఏందన్నా గిది?"

"పడవ. కరెంటుది. దూరం నుంచి నడుపుతాం."

"మరి గీడికెందుకు నడిపిన్రు?"

"మేం నడపలేదు. అదే వచ్చింది" అన్నాను నిజాయితీగా. అతను వల అక్కడే వదిలేసి వెనక్కి జరిగాడు.

నేను తడుముకుని బ్యాటరీ తీగ లాగేశాను. ఒక్కసారిగా చెరువంతా నిశ్శబ్దమైంది. బావ అతని దగ్గరికి నడిచి వెళ్లాడు, నీళ్లలోనే, గట్టు మీద నడిచినట్టు. "ఇందాక పిలిచింది నువ్వేనా తమ్ముడూ?"

"నేనెందుకు పిలుస్త అన్నా? నీ పేరే నాకు దెల్వది. నేనే భయపడి నోరు మూస్కొని కూసున్న."

కట్ట మీద ఆ మనిషే మాకు చాయ్ ఇప్పించాడు. ఇంటికి రాగానే బావ నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు. తడి బట్టలతోనే వంటింటి గడప మీద కూర్చుని, "మా నాన్న నన్ను చిట్టీ అని పిలిచేవాడు, నీకెప్పుడూ చెప్పలేదు కదూ" అని అక్కతో మొదలుపెట్టాడు. అక్క పొయ్యి ఆపేసింది.

నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. అసలు సంగతి నాకు అర్థమైపోయింది. రెండు మోటర్ల స్వరాలు దాదాపు కలిసి, కొంచెం తేడా మిగిలితే ఆ మోత అలలా ఊగుతుంది. నేను ఎంత బాగా సమం చేస్తే అది అంత నెమ్మదిగా ఊగి, మనిషి పిలుపులా వినబడుతుంది. ఎంత చక్కటి వివరణ. వెంటనే లోపలికి వెళ్లి బావకి చెప్పేద్దామని లేచాను. వాకిట్లోంచి పైకొచ్చిన అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఏడికి? కూసో" అంది. కాసేపటికి మళ్లీ లేచాను. మళ్లీ కూర్చోబెట్టింది. లోపల బావ గొంతు ఆగకుండా వినబడుతూనే ఉంది, మధ్యలో ఒకసారి నవ్వు కూడా.

బురద ప్యాంటుతో, చలికి పళ్లు కొట్టుకుంటూ, చెప్పడానికి వీల్లేక ఉక్కిరిబిక్కిరైపోతున్న ఆ కుర్రాడిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ వివరణ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో తప్పేమీ లేదు. బావ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ పైన వచ్చిన వేసవిలో ఆయన అక్కని వెంటబెట్టుకుని బందరు వెళ్లి, మోకాళ్లలోతు సముద్రంలో నిలబడి ఫోటో తీయించుకుని వచ్చాడు.