అవ్వ పేరెత్తని తోడేలు

మా ఎదురింటి అవ్వ పోయింది. పుంగనూరు బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతుండగా అమ్మ ఫోన్ చేసింది. "అవ్వ పొద్దున పోయిందప్పా. మధ్యాన్నం మట్టి చేస్తారంట, బయల్దేరు" అంది. సరే అనడానికే నాకు కొంతసేపు పట్టింది. నాకు నత్తి. ఏడుపు వచ్చేటప్పుడు అది ఇంకాస్త ముదురుతుంది. మదనపల్లె బస్సెక్కాను.

అవ్వది పెద్దమండ్యం వైపు గొర్రెలు మేపిన ఇల్లు. వానలు లేక మంద అమ్మేశాక కొడుకుతో మదనపల్లె వచ్చి మా ఎదురింట్లో చేరింది. నా చిన్నప్పుడు మా అమ్మా నాన్నా ఆదివారం కూడా టమోటా మార్కెట్‌కు పోయేవాళ్ళు. నన్ను అవ్వ దగ్గర వదిలేవాళ్ళు. ఆమె ఇంట్లో టీవీ ఉండేది గానీ, ఆమెకు చూపు సరిగా ఆనేది కాదు.

ఆదివారం పొద్దున ఒక కార్టూన్ వచ్చేది. తోడేలు, నక్క కలిసి గొర్రెల కోసం వారానికొక ఎత్తు వేసేవి. వారం వారం కాపలా కుక్క చేతిలో తన్నులు తినేవి. మాటలన్నీ ఇంగ్లీషు. "ఏమంటాండాయో సెప్పప్పా" అని అవ్వ నన్నడిగింది. నాకూ ఇంగ్లీషు రాదు. కల్పించి చెబుదామని "తో... తో..." దగ్గరే ఆగిపోయాను. ఇంట్లో అయితే ఎవరో ఒకరు ఆ మాట అందుకునేవారు. బళ్ళో అయితే నవ్వేవారు. అవ్వ చింతపండులో గింజలు తీస్తూ ఊరికే కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ పేరు ఎత్తొద్దులేప్పా. మందోళ్ళం మేము దాని పేరెత్తం. ఎత్తితే వచ్చి కూసుంటాది. అడివిలో ఉండే ఆయప్ప, అడివాయప్ప అను."

నా మీద జాలితో చెప్పిన సాకు కాదది. గొర్రె ఒక్కటీ మిగలకపోయినా ఆమెకు నిజంగానే భయం. అడివాయప్ప అనే మాట నా నోట్లోంచి తడబడకుండా వచ్చింది. ఆ రోజు మొదటిసారి ఒక కథ మొత్తం చెప్పాను. నేను ఒక వాక్యం ముగించేలోపు తెర మీద తోడేలు రెండుసార్లు బండ కింద పడేది. "నిదానంగా సెప్పు, మంద యాడికీ పోదు" అనేది అవ్వ.

ఆమెకు ఆ తోడేలు పనితనం నచ్చేది కాదు. "గాలివాటం సూసుకోకుండా వస్తే కుక్కకు వాసన తగలదా? యాల ఇంత తెలివితక్కువ!" అని తిట్టేది. చివర్లో మాత్రం "ఈ వారం గూడా పస్తే, పాపం" అనేది. తన మందలోంచి ఎన్నో గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయిన జంతువు మీద ఆ జాలి ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. "ఆకలైనోడి ఎత్తు పారదప్పా" అనేది.

ఒకసారి బళ్ళో, గొర్రెలను తినే జంతువు ఏదని అయ్యవారు అడిగారు. లేచి అడివాయప్ప అన్నాను. క్లాసంతా పగలబడి నవ్వింది. అవ్వకు చెబితే, "మీ అయ్యోరు ఎప్పుడన్నా మందలో పండుకోనుంటే కదా తెలిసేకి!" అని అయ్యవారినే తీసిపారేసింది.

అవ్వ అంత ఓర్పున్న మనిషేమీ కాదు. కొడుకు మాటకు, కోడలి మాటకు, కూరగాయలమ్మ మాటకు అడ్డం పడేది. నా మాటకు మాత్రం ఏనాడూ అడ్డం పడలేదు. నా నత్తి పోయిందని రాస్తే ఆమె గొప్ప ఇంకా పెరుగుతుందేమో గానీ, అది అబద్ధం. పోయింది భయం. ఈ రోజు నత్తితోనే పాఠం చెప్పుకుంటున్నానంటే అది ఆమె చేసిన మేలు.

నేను చేరేసరికి అవ్వను గుంతలోకి దించారు. అందరూ తలా పిడికెడు మట్టి తీసుకున్నారు. "నువ్వొక మాట సెప్పప్పా, నిన్ను శానా తలుసుకుంటాన్నింది" అన్నాడు ఆమె కొడుకు. కథ చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నానని చెప్పాలనుకున్నాను. "క... క..." అని ఆగిపోయాను. వెనకనుంచి ఎవరో పెద్దాయన, "కష్టపడి బతికిందంటాండాడు" అని అందుకున్నాడు.

అవ్వ కొడుకు చెయ్యెత్తాడు. "ఉండప్పా. ఆ అబ్బి మాట మధ్యలో అందుకుంటే మాయమ్మ ఒప్పుకునేది కాదు. సెప్పనీ."

నా మాట వచ్చేదాకా, పిడికిట్లో మట్టి పట్టుకుని అందరూ అట్లాగే నిలబడ్డారు.