తలకు పావుకిలో బియ్యం

ఈ దేశంలో ఒక్కో మనిషికి ఏడాదికి ఎంత ఆదాయం అన్న లెక్కను నేను ముప్పై ఏళ్ళు వెంటాడాను. బడికి పోయింది మూడో తరగతి దాకానే. మిల్లులో నూలు మూటలకు చుట్టి వచ్చే పాత పేపర్లు చదివి తెలుగు బాగుచేసుకున్నాను, అరవం నేర్చుకున్నాను. బడ్జెట్ మర్నాడు టీకొట్లో పేపరు కోసం కొట్లాడేవాణ్ణి. ఈ ఏటి ధరలతో కట్టే ఆదాయం ఒకటి, పాత ఏటి ధరలకు దించి కట్టే ఆదాయం ఇంకొకటి అని నాకు ఎవరూ చెప్పలేదు, చదివీ చదివీ తెలిసింది. కొన్నేళ్ళకొకసారి ఆ పాత ఏడాదినే మార్చేస్తారు. అప్పుడు నా నోటుబుక్కులో ఉన్న అంకెల పక్కన కొత్త అంకె కూర్చోదు. బతుకు పెరిగిందా తరిగిందా చెప్పమంటే కొలిచే బద్దనే మార్చేసేవాణ్ణి ఏమనాలి? టీకొట్లో ఈ మాట అడిగితే నన్ను ప్రొఫెసరని ఎగతాళి చేసేవాళ్ళు.

తొంభైల్లో మిల్లు మూతపడింది. రావలసిన గ్రాట్యుటీ రాలేదు. పేపర్లో మాత్రం తలసరి ఆదాయం పైకే పోతోంది. అరవదేశపు పట్నంలో, వ్యాసర్పాడిలో మా ఒంటిగది ఇంట్లో నేనూ, నా భార్యా, పెళ్ళికాని ఇద్దరు కొడుకులూ. పెద్దవాడు వాషర్‌మెన్‌పేట్‌లో బట్టల మూటలు దించేవాడు. చిన్నవాడు సరుకుల రిక్షా తొక్కేవాడు. ఆ ఏడే నా భార్యకు కళ్ళు తిరగడం మొదలైంది. వీధి పంపు దగ్గర బిందెతో సహా రెండుసార్లు పడిపోయింది. ఆస్పత్రిలో రక్తం తక్కువని మాత్రలు ఇచ్చారు. మాత్రలు మింగుతూనే ఉంది, చిక్కిపోతూనే ఉంది. రవికె భుజం మీద నిలవడం లేదు. ఈమె ఈ వానలు దాటుతుందా అని నాకు లోపల ఒకటే భయం.

అప్పుడు వచ్చాడు సర్వే అబ్బాయి. మా వీధిలో చీటీ తీసినట్టు ఎంచిన ఇళ్ళలో మాది ఒకటట. ఆదాయం ఎంత అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు కాబట్టి, నెల రోజుల్లో ఏం తిన్నారో ఏం కొన్నారో అడిగి రాసుకుంటామన్నాడు. ముప్పై ఏళ్ళు నేను వెతికిన లెక్క నన్ను వెతుక్కుంటూ గుమ్మంలోకి వచ్చినట్టయింది. చాప పరిచాను. లెక్క దగ్గర తడబడకూడదని ముందే నోటుబుక్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

అబ్బాయి మాటల్లో తనది పుత్తూరు పక్క అన్నాడు. అదే మొదలు. నా భార్య పుట్టింటివాళ్ళు ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళే. పడుకున్న మనిషి లేచి ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. ఉన్న చారెడు పాలూ కాఫీకి పోసేసింది. మన వైపు నుంచి వచ్చినవాడి ముందు ఇల్లు చిన్నబోకూడదు, అది ఆమెకు ఊపిరి పీల్చినంత సహజం. అతను సర్కారు తరఫున వచ్చాడన్న సంగతే మరిచిపోయింది. ఒక్కొక్కరు రోజుకు ఎన్ని పూటలు తింటారని అతను అడిగితే, నలుగురం మూడు పూటలా తింటామని, మాకేం తక్కువని చెప్పింది.

బియ్యం నేను చెప్పాను. రేషన్‌లో ఇరవై కిలోలు, బయట కొన్నది పది.

"నెలకు ముప్పై కిలోలు, నాలుగు తలలు. తలకు రోజుకు పావుకిలో పడతా ఉందమ్మా. సరిపోతుందా?"

"మిగల్తాది నాయనా," అంది నా భార్య.

నేను మిల్లు క్యాంటీన్ కమిటీలో రెండేళ్ళు ఉన్నవాణ్ణి. పళ్ళెంలో అన్నం చూసి ఎన్ని బియ్యమో చెప్పగలను. బరువులు మోసే నా కొడుకులకు ఒక్కొక్కరికి మూడువందల యాభై గ్రాములకు తగ్గదు. నాకు మూడువందలు. మూడూ కలిపి కూడాను. రోజుకు వచ్చే కిలో అక్కడికే అయిపోయింది. మళ్ళీ కూడాను.

మా ఇళ్ళల్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడది కూర్చుంటుంది. ఎప్పుడు కూర్చుంటుందో, ఏం వేసుకుంటుందో చూసేవాడు ఉండడు. నేనూ చూడలేదు. వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని ఎన్ని నెలలు గడిపిందో!

"రాయొద్దు తమ్ముడూ. ఆమె తినలా. ఒక పూట గంజి, అంతే. అది రాయి."

నా భార్య నా వైపు తిరగను కూడా తిరగలేదు. "పొయ్యికాడికి ఎన్నడన్నా వచ్చినావా నువ్వు? ఆడ ఏముందో నీకేం తెలుసు?"

వండేవాళ్ళు చెప్పిందే రాయాలని అబ్బాయి మెల్లగా అని, పూటల గడిలో మూడు వేసుకుని, కాఫీ తాగి లేచాడు. వీధి చివరదాకా వెంటబడ్డాను. అరవై దాటిన నేను ఆ పిల్లవాడి చెయ్యి పట్టుకుని, ఆ మూడు కొట్టేసి ఒకటి వెయ్యమని బతిమాలాను. అతను చెడ్డవాడు కాదు. కాసేపు కాగితం చూసుకున్నాడు.

"ఒకటి రాసినా తలకు పావుకిలోనే వస్తాది సార్. బియ్యం అవే, తలలు అవే."

ఆమె నోట్లోకి పోని పావుకిలోను కాగితం ఆమెకు వడ్డించేసింది. ఆ కాగితం ఢిల్లీ దాకా పోతుంది. ఇంతమందిలో ఇలా కాగితం మీద తిన్న ఆడవాళ్ళు ఎంతమందో, వాళ్ళను తీసేసి లెక్క కట్టేవాడు ఎవడు? అరవాలనిపించింది. కానీ నేను చేసిందీ అదే కదా. మిల్లు జీతాన్ని ఏటేటా నాలుగుతో భాగించి, మన ఇంటి తలసరి ఇదిరా అని కొడుకుల ముందు దొరలా చదివినవాణ్ణి. నాలుగో తల ఏం తిందో చూడకుండానే భాగించాను.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. కొడుకులు పనిలో ఉన్నారు. మొదటిసారి పొయ్యి దగ్గరికి పోయి, నా వంతు అన్నం పళ్ళెంలో పెట్టి ఆమె ముందుంచాను. తినమన్నాను. కోప్పడ్డాను. చివరికి ఏడ్చాను. ఏడు ముద్దలు తింది. ఎనిమిదోది మింగలేక గుమ్మం బయటికి పోయి తిన్నదంతా కక్కుకుంది. నడుం పట్టుకుంటే నా చేతికి ఎముకలే తగిలాయి.

లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని అడిగింది: "ఇయ్యాల నీది పెట్టినావు. రేపు? మూటలెత్తే పిలకాయలది కోస్తావా?"

ఆ కిలోను ఎలా కోసినా ఎవరో ఒకరు పడిపోతారని ఆమెకు ఎప్పుడో తెలుసు.

కాసేపటికి లేచి, పళ్ళెంలో మిగిలిన అన్నాన్ని గిన్నెలోకి తీసి, నీళ్ళు పోసి, చిన్నవాడికి పొద్దున్నే ఉంటుందని మూత పెట్టింది. నేను ఆపలేదు. ఆపితే ఏం పెట్టాలో నాకు తెలియలేదు.