కేక వేయకూడని లంక

నేను పుట్టింది మెట్టలో, కామవరపుకోట దగ్గర. నూతిలో చేద వేసి చేతులు బొబ్బలెక్కేలా తోడితే గాని కడవ నిండని ఊళ్ళో పెరిగినదాన్ని. ఈత రాదు, పడవ ఎక్కి ఎరగను. అలాంటిదాన్ని కొల్లేటి నడిమధ్యకి తీసుకెళ్ళి దింపారు. ఎవరో పగవాళ్ళు కాదు, మా అత్తగారే.

ఇది ముప్పైల నాటి మాట. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. కాపురం ఏలూరులో, అత్తగారింట్లో. మా ఆయన తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమాస్తా. శనివారం రైలుకి వచ్చి సోమవారం తెల్లవారే వెళ్ళిపోయేవారు. పెళ్ళికి ముందు నుంచీ నేను ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. కాన్పు కోసం మానేసిన ఆ ఉద్యోగంలో మళ్ళీ జూన్‌లో చేరాలని నాకూ ఉంది, మా అత్తగారికి అంతకంటే ఎక్కువ ఉంది. ఒళ్ళో పది నెలల పాప. రెండు పళ్ళొచ్చాయి. నా దగ్గర తప్ప ఇంకెక్కడా పాలు తాగేది కాదు. గిన్నె చూపిస్తే మూతి బిగించేది. ఆ మొండితనం అచ్చం నా పోలికేనని ఇంటిల్లిపాదీ అనేవారు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

మా సంఘానికి ఒక ఆనవాయితీ ఉండేది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ఒక వారం చూసుకుని, ముప్పై మంది దాకా కొల్లేట్లో ఒక లంక మీదకి ప్రార్థనకు వెళ్ళేవారు. ఆ లంకలో ఇళ్ళు లేవు. నల్లతుమ్మలు, తాడిచెట్లు, వాటి నిండా గూడబాతుల గూళ్ళు. జనం వంటచెరకు కోసం గూళ్ళున్న చెట్లనే నరుకుతుంటే చూడలేక, వెనకటి అయ్యగారు, అంటే ఇప్పటాయనకి ముందు మా గుడిలో ఉన్న పాస్టరుగారు, ఈ కూటాలు మొదలుపెట్టారట. దేవుడు మొదటి మనిషిని తోటలో పెట్టింది పళ్ళు తినడానికే కాదు, కావలి కాయడానికి కూడా అని ఆయన వాదన. పిల్లలు గూళ్ళలో ఉండే రోజుల్లో వెళ్ళి అక్కడే ఉండేవారు. పొద్దున్నే, అలల కోతకి వేళ్ళు బయటపడ్డ చెట్ల మొదళ్ళకి తట్టలతో బురద ఎత్తి పోసేవారు. మధ్యాహ్నం వాక్యం. సాయంత్రం మౌనం. మంచి పనే. దాన్ని ఈనాటికీ నేను తప్పుపట్టను. ఆ మాట ముందే చెప్పేసి మిగతాది చెబుతాను.

"ఈ ఏడు నువ్వు కూడా రా అమ్మాయ్," అన్నారు అత్తగారు.

"పాపని ఎత్తుకుని పడవలో కూర్చోగలనా అత్తయ్యా?"

"చంటిపిల్లల్ని తేకూడదు. ఏడిస్తే పక్షులు బెదురుతాయి గదా. నీ తోడికోడలు చూసుకుంటుంది. ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వచ్చేయడవే."

మా తోడికోడలు అక్కడే నిలబడి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. రెండో రోజుకి వచ్చేస్తాం కాబోలు అనుకున్నాను. అడిగి తేల్చుకోవలసింది. అత్తగారిని పట్టుకుని ఎప్పుడు, ఎన్నాళ్ళు అని నిలదీసే కోడళ్ళు మా వీధిలో అప్పటికి ఇంకా పుట్టలేదు.

సోమవారం చీకటితో బండి కట్టించుకుని కొల్లేటి ఒడ్డుకి వెళ్ళి, అక్కణ్ణించి మూడు దోనెల్లో లంకకి చేరాం. దిగగానే ఇప్పటి అయ్యగారు ప్రార్థన చేసి నియమాలు చెప్పారు. పచ్చికొమ్మ విరవకూడదు. పొయ్యి రాజేయకూడదు, తెచ్చుకున్న అటుకులూ బెల్లమే తినాలి. చేప పట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గట్టిగా మాట్లాడకూడదు. ఒక ఏడు ఎవరో పాముని చూసి కేక పెడితే పక్షులన్నీ ఒక్కసారి లేచాయట. ఆ తొక్కిడికి గూళ్ళలోంచి పిల్లలు రాలిపడ్డాయి, మిగిలినవాటిని కాకులు పొడుచుకుపోయాయి. అందుకని పాటలు కూడా పెదవుల్లోనే. డప్పూ తాళాలూ లేకుండా మావాళ్ళు పాడడం నేను అక్కడే చూశాను. ముప్పై మందికీ ఒక్కసారే పంటినొప్పి వచ్చినట్టుంది.

నియమాలయ్యాక అయ్యగారు చెయ్యి ఊపారు. దోనెలు వెనక్కి తిరిగాయి.

"అదేంటండీ, వెళ్ళిపోతున్నాయి?" అన్నాను.

"పడవ పక్కనుంటే మనసు పడవలోనే కూర్చుంటుందమ్మా," అన్నారు ఆయన నవ్వుతూ. "అందుకే పంపించేస్తాం. మళ్ళీ శుక్రవారం పొద్దున్నే వస్తాయి."

శుక్రవారం! అత్తగారి వైపు చూశాను. ఆవిడ మూట విప్పుకుంటూ దుప్పటి దులుపుతున్నారు. దోనెలు చిన్నవైపోయి, చివరికి గడ్డి వెనక్కి వెళ్ళిపోయాయి. నాలుగు వైపులా తిరిగి చూశాను. ఎటు చూసినా నీళ్ళూ, గడ్డీ. ఆ నీళ్ళు ఎంత లోతో కూడా నాకు తెలీదు.

ఆ సాయంత్రానికి రొమ్ములు రాళ్ళైపోయాయి. పిల్లకి పాలిచ్చిన ఆడదానికి ఈ బాధ చెప్పక్కర్లేదు, మగవాడికి చెప్పినా తెలీదు. చెట్టు చాటుకి వెళ్ళి పాలు పిండి నేలమీద పోశాను. ఏడుపు ఆగలేదు. ఏలూరులో నా పిల్ల మూతి బిగించుకుని పడుకుని ఉంటుంది. ఇక్కడ మట్టి తాగుతోంది.

మంగళవారం పొద్దున్నే బురద తట్టలు ఎత్తాం. ప్రతి తట్టకీ చంకలోంచి మోచేతిదాకా సూదులు దిగుతున్నట్టుండేది. మధ్యాహ్నం అయ్యగారు వాక్యం చెప్పారు. తలెత్తి పైకి చూడమన్నారు. ఒక గూడబాతు గూటిమీద నిలబడి నోరు తెరిచింది. పిల్ల ఆ నోట్లోకి మెడదాకా తల దూర్చేసి తింటోంది. "చూశారా అండీ, తల్లి తన గొంతులోంచి తీసి పెడుతోంది," అన్నారు ఆయన. అంతే, నాకు రెండువైపులా పాలు పొంగాయి. రవిక తడిసింది, పమిట తడిసింది, కళ్ళు సరేసరి. వెక్కి వెక్కి ఏడ్చాను, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. పాస్టరుగారి భార్య వచ్చి నన్ను కావిలించుకుంది. "ప్రభువు ఈ బిడ్డతో మాట్లాడుతున్నాడు," అని అందరికీ గుసగుసగా చెప్పింది. ఒక్కొక్కరే వచ్చి నా తలమీద చెయ్యి వేసి వెళ్ళారు. ఒళ్ళు మండిపోయింది. నాతో మాట్లాడింది నా కూతురు, ప్రభువు కాదు అని అరవాలనిపించింది. అరవకూడదు గదా.

కూటాల కోసం ఏటేటా వేసే తాటాకు పాకల్లో ఆడవాళ్ళ పాకలోకి వచ్చాక అత్తగారు తడిబట్టలో చుట్టిన మూట ఒకటి విప్పారు. మల్లెమొగ్గలు. ఆ ఏటి తొలి మల్లెలు. నేను తెల్లబోయాను. శ్రమదినాల్లో మా ఇళ్ళలో ఎవరూ పువ్వు పెట్టరు. అత్తగారైతే మామూలు రోజుల్లో కూడా పెట్టుకోరు.

"రవిక విప్పు అమ్మాయ్. మల్లెలు కడితే పాలు ఇగిరిపోతాయి. రెండు రోజులు ఓర్చుకో."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. "ఇగిరిపోవడం ఏంటి అత్తయ్యా? పాపకి?"

"పాపకి పది నెలలు నిండేయి. జూన్‌లో బడికి వెళ్ళాలన్నది నువ్వే గదా. ఇంట్లో ఉండి మాన్పించమంటే నువ్వు మాన్పించగలవా? పిల్ల ఏడిస్తే ఒళ్ళోకి తీసుకోకుండా ఉండగలవా?"

ఉండలేను. అది ఆవిడకి తెలుసు. అందుకే పడవలు వెనక్కి వెళ్ళిపోయే చోటు చూసి తీసుకొచ్చారు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకావిడ పాత చీర చించి పట్టీ చేస్తోంది, ఇంకొకావిడ నా చేతులు పట్టుకుంది.

"నాకూ ఇక్కడే మాన్పించారమ్మా," అంది చేతులు పట్టుకున్నావిడ, ఏదో పుణ్యక్షేత్రం మాట చెబుతున్నట్టు. "మీ అత్తగారికీ ఇక్కడే. మీ తోడికోడలికీ ఇక్కడే."

బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆ మనిషి తల ఎందుకు ఎత్తలేదో అప్పుడు తెలిసింది. చెట్టుకి దెబ్బ తగలకూడదని, గూటిలో పిల్ల బెదరకూడదని నాలుగు రోజులు పొయ్యి కూడా మానేసిన మనుషులు వీళ్ళు. చేతులు పట్టుకునేముందు నన్ను ఒక్క మాట అడగాలని వీళ్ళలో ఒక్కరికీ తోచలేదు. పట్టీ బిగించి ముడివేశారు. ఊపిరి సగమే ఆడింది.

రాత్రంతా ఒకటే ఆలోచన, ఎలాగైనా ఏలూరు చేరాలి. తాగకుండా పిల్ల ఎన్నాళ్ళుంటుంది?

బుధవారం తెల్లవారుతూనే ఒడ్డుకి వెళ్ళాను. నా అదృష్టం, ఒక జాలరి దోనెలో కనిపించాడు. కూతవేటు దూరంలో వెదురు బుట్టలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి ఎత్తి చేపలు దులుపుకుంటున్నాడు. వీపు నా వైపు ఉంది. పమిట చెంగు పట్టుకుని ఊపాను. చూడలేదు. రెండు చేతులూ ఊపాను. మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి నీళ్ళు కొట్టాను. ఆ చప్పుడు గాలికి పోయింది. ఇక ఒక్క కేక వెయ్యాలి. మెట్టలో పుట్టినదాన్ని, గొంతు చిన్నది కాదు. ఒక్క కేక వేస్తే అతను వెనక్కి తిరుగుతాడు, ఎక్కించుకుంటాడు, పొద్దెక్కేసరికి ఒడ్డున దింపుతాడు. అక్కడ ఏ బండో దొరుకుతుంది. మధ్యాహ్నానికి నా పిల్ల నా ఒళ్ళో ఉంటుంది.

నోరు తెరిచాను కూడా.

"కేక వేస్తే పిల్లలు రాలిపోతాయి."

వెనక అత్తగారు. మొహం కడుక్కోడానికి వచ్చినట్టున్నారు, చేతిలో చెంబు ఉంది. కోపంగా అనలేదు. అడ్డం రాలేదు. నెమ్మదిగా ఆ ఒక్క మాట అని, వంగి చెంబు ముంచుకున్నారు. మా తలమీద కొమ్మల్లో పిల్లలు గరగరమంటున్నాయి. అప్పటికి ఇంకా ఎగరడం రాలేదు వాటికి.

నేను నోరు మూసుకున్నాను. జాలరి ఆఖరి బుట్ట కూడా దులిపి, గడ వేసుకుంటూ గడ్డి వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ఎవరు అడిగినా పక్షుల కోసం ఊరుకున్నానని చెప్పుకున్నాను. విన్నవాళ్ళు మెచ్చుకునేవారు. అబద్ధం. పక్షుల మీద నాకు జాలి ఉన్నమాట నిజమే గాని, నా గొంతు నొక్కింది ఆ జాలి కాదు. ఆవిడ వెనక లేకపోతే కేక వేసేదాన్ని. పిల్లలు రాలితే రాలనీ అనుకునేదాన్ని. ఆవిడ ఇంట్లో, ఆవిడ కళ్ళముందు ఇంకా ఎన్నో ఏళ్ళు బతకాలని గుర్తొచ్చి ఊరుకున్నాను. ముప్పై మందీ నన్ను ఒక చూపు చూస్తారని ఊరుకున్నాను.

గురువారం జ్వరం వచ్చింది. పాకలో పడుకుని దోనెల గడల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండిపోయాను. అయ్యగారు వచ్చి నాకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ఎందుకు జ్వరమో ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. ఆడవాళ్ళు చెప్పి ఉండరు.

శుక్రవారం ఎండెక్కాక ఏలూరులో బండి దిగాను. గుమ్మంలోనే పట్టీ ముడి విప్పేశాను, అత్తగారు చూస్తుండగానే. మల్లెలు వాడి నల్లబడిపోయాయి గాని పాలు ఇగరలేదు. పట్టీ ఊడగానే కారడం మొదలుపెట్టాయి. నా ప్రాణం లేచి వచ్చింది. ఉన్నాయి, ఇంకా ఉన్నాయి, పిల్లకి సరిపోతాయి అనుకుంటూ లోపలికి పరిగెత్తాను.

పాప చాపమీద కూర్చుని గరిటెతో ఆడుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. చేతులు చాపింది. ఎత్తుకుని ఒళ్ళో వేసుకుని రొమ్ము అందించాను. ఒక చుక్క పెదవిమీద పడింది. నాలుకతో రుచి చూసి, నా మొహంలోకి ఒకసారి చూసి, తల పక్కకి తిప్పుకుంది. మళ్ళీ అందించాను. మూతి బిగించింది. ఆ మొండితనం నా పోలికే. నేను బతిమాలాను, జో కొట్టాను, రెండోవైపు మార్చాను. ఒళ్ళోంచి జారిపోయి, పాక్కుంటూ మా తోడికోడలి దగ్గరికి వెళ్ళి, ఆవిడ పక్కనున్న పాలగిన్నె పట్టుకుని లాగింది.

మా తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చెప్పొద్దన్నారు చెల్లీ, అత్తయ్యగారు. నన్ను తిట్టుకోకు."

"ఎప్పట్నించి తాగుతోంది అక్కయ్యా?"

"సోమవారం, మంగళవారం ఒక్క చుక్క ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. బుధవారం పొద్దున్న అదీ లేదు. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. గుమ్మంలో కూర్చుని వీధి వైపే చూసింది. ఎత్తుకుంటే దిగిపోయేది, మళ్ళీ గుమ్మంలోకే. సాయంత్రం దీపాలు పెట్టే వేళదాకా అక్కణ్ణించి కదల్లేదు. అప్పుడు గిన్నె పట్టేను. తాగేసింది."