థర్జా హావర్త్ వదులుకున్న నాలుగు మగ్గాలు

మా హార్‌క్లిఫ్‌లో థర్జా హావర్త్ పేరెత్తితే ఇప్పటికీ కొందరు మగాళ్ళు మూతి ముడుస్తారు. ముడవనీ. ఆమె చేసినదాంట్లో సగమైనా వాళ్ళ ఇంటావంటా ఎవరూ చేసి ఉండరు. ఇంగ్లండులోని ఈ నూలు మిల్లుల ఊళ్ళో పదో ఏట సగం పూట బడికీ, సగం పూట మిల్లుకీ వెళ్ళిన పిల్ల. పదహారు నిండేసరికి నాలుగు మరమగ్గాలు ఒక్కతే నడిపింది. నేతగాళ్ళ సంఘం చందా ఒక్క వారమూ ఎగ్గొట్టలేదు. దూది దుమ్ము పీల్చి పీల్చి భర్త పోయాక ఇంటి అద్దె, ఊరి పన్ను తనే కట్టింది. వరదొచ్చిన ఏడు వీధి వీధంతటికీ ఆమె పొయ్యి మీదే గంజి కాగింది.

ఇంత చేసిన మనిషికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. ఆమె ఇంటి పైగదిలో అద్దెకుండే ఈనాక్‌కు ఉంది! ఎందుకుందయ్యా అంటే, ఆమె ఇంట్లో ఉంటున్నందుకు. ఏటా వేసవిలో అతను ఓటర్ల జాబితా కాగితం పట్టుకొచ్చేవాడు. అందులో ఇంటామెగా థర్జా పేరు రాయాలి, సాక్షి సంతకమూ ఆమే చెయ్యాలి.

"ఇక్కడ గీకు పిన్నీ," అన్నాడు ఆ ఏడు, టీలో రొట్టె ముంచుకుంటూ.

"ఎవరికేస్తావురా ఓటు?"

"బీరు ఎవరు పోయిస్తే వాళ్ళకి."

"నా గది లేకపోతే నీకు ఓటే లేదు కదరా. మరి నా ఓటేదీ?"

"ఆడాళ్ళకెందుకు పిన్నీ ఆ గోల? పొయ్యి మీద ఏదో మాడుతోంది, చూసుకో."

కూర మాడలేదు, ఆమె కడుపు మండింది. పాళీ విరిగేంత గట్టిగా సంతకం చేసి, ఆ శనివారమే పక్క మగ్గాల సెలీనా వెంట ఓటుహక్కు ఆడవాళ్ళ జట్టులో చేరింది. అంతకు ముందు మా నేతగత్తెలు మర్యాదగా ఎన్ని అర్జీలు పెట్టారో! వేలకు వేలు సంతకాలు. అవి ఏ ఎలుకల పాలయ్యాయో లండన్ దొరలకే తెలియాలి. అందుకే జట్టు కొత్త దారి పట్టింది. మంత్రి ఎక్కడ సభ పెడితే అక్కడికి వెళ్ళాలి, ఒకటే ప్రశ్న అడగాలి, జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు.

అక్టోబరులో మంత్రిగారు మా ఊరికే వస్తున్నారని తెలిసింది. మగ్గాల షెడ్డు మేస్త్రీ జాబెజ్ ఆమెను మిల్లు గేటు దగ్గర ఆపాడు.

"సభకి పోతున్నావంట?"

"పోతే?"

"పోలీసు కేసైతే ఆ నాలుగు మగ్గాలూ నీవి కావు. యజమాని మాట. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నావు, ఇంకో ఇరవై నడుపుకో. ఎవరు కాదన్నారు?"

ఆ రోజంతా థర్జా మగ్గాల మధ్య తిరుగుతూ ఒక్కోదాన్నీ తడిమి చూసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడదానికి కొత్త మిల్లులో నాలుగు ఎవడిస్తాడు? మహా అయితే రెండు. అయినా వెళ్ళింది.

మంత్రి గంటసేపు స్వేచ్ఛ గురించి దంచాడు. అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే హాలు మేడమీది వరసలోంచి థర్జా లేచింది.

"అయ్యా, మీ ప్రభుత్వం ఆడవాళ్ళకు ఓటిస్తుందా, ఇవ్వదా?"

"కూర్చోవే!" అని చుట్టూ మగాళ్ళు అరిచారు. మంత్రి చిరునవ్వు చెదరకుండా పక్కనున్న సభాధ్యక్షుడి వైపు వంగి ఏదో గొణిగాడు. ఎవరికీ వినపడలేదనుకున్నాడు పాపం. నిజమే, వినపడలేదు. కానీ మగ్గాల రొదలో పుట్టి పెరిగిన ఊరది. షెడ్డులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. ఈ మూల నుంచి ఆ మూలకు పెదవులు చూసే కబుర్లు చెప్పుకుంటాం. మేడమీద కూర్చున్నవాళ్ళలో సగం మంది నేతగాళ్ళే. అందరూ ఆయన పెదవులు చదివేశారు. సెలీనా లేచి సభంతా వినేలా పైకి చెప్పేసింది.

"'మిల్లు కోళ్ళు, కాసేపు కూసి ఊరుకుంటాయి, బయట పారేయించండి' అంటున్నాడు దొరగారు!"

అంతసేపూ కూర్చోమని అరిచిన ముసలి నేతగాడొకడు బల్ల మీదకెక్కాడు. "ఓరి నీ టోపీ కాలా! మా అమ్మా మిల్లులోనే చేసిందిరా!"

సభ అల్లకల్లోలమైంది. అయినా ఏం లాభం? వలంటీర్లు థర్జాను జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చారు. వీధిలో నిలబడి జరిగింది చెప్పబోతే దారికి అడ్డమని పోలీసులు పట్టుకున్నారు. ఈడ్చినవాళ్ళేమో వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు!

"ఆరు నెలలు అణకువగా ఉంటానని సంతకం పెట్టి ఇంటికి పో," అన్నాడు మర్నాడు కోర్టులో మేజిస్ట్రేటు.

"నన్నీడ్చినవాళ్ళ చేత కూడా పెట్టిస్తారా అయ్యా?"

"అది వేరే సంగతి."

"అయితే నేను పెట్టను."

పద్నాలుగు రోజులు జైలు.

బయటికొచ్చిన మర్నాడు ఆరింటికే మిల్లుకు వెళ్ళింది. ఆమె మగ్గాల దగ్గర ఎవరో కొత్త పిల్ల ఉంది. జాబెజ్ జేబులోంచి కాగితం తీశాడు.

"యజమాని మంచోడు. క్షమాపణ ఆయనే రాయించాడు. సంతకం పెట్టు చాలు, ఈ క్షణమే మగ్గాలు నీవి."

థర్జా చదివింది. 'చేసిన పనికి సిగ్గుపడుతున్నాను' అని ఉంది.

"సిగ్గుపడాల్సినవాడు వేదిక మీదున్నాడు. పోయి ఆయన చేత పెట్టించుకురా," అని కాగితం తిరిగిచ్చేసింది. పోతూ పోతూ ఆ కొత్త పిల్ల దగ్గర ఆగి, గాలి పొడిగా ఉన్న రోజున రెండో మగ్గం పడుగు తెగుతుంది, కాస్త చూసుకోమని చెప్పింది.

నాలుగు మైళ్ళ అవతల ఇంకో మిల్లులో రెండు మగ్గాలిచ్చారు. వానలో, మంచులో నడిచి వెళ్ళేది. మళ్ళీ జన్మలో నాలుగు మగ్గాలు ఆమె చేతికి రాలేదు. ఓటు మాత్రం తొమ్మిదేళ్ళకు వచ్చింది. ప్రభుత్వం దయతలచి ఇచ్చిందని చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. దయట!

ఇక ఆ క్షమాపణ కాగితం తిరిగిచ్చిన వారమే, శనివారం మధ్యాహ్నం పాత మిల్లు కూత వెయ్యగానే, జనం బయటికొచ్చే దారిలో ఒక పెట్టె వేసుకుని ఎక్కింది థర్జా. జాబెజ్ పరుగున వచ్చాడు.

"దిగుతావా, పోలీసుని పిలవనా?"

"పిలువు నాయనా. సభ రోజున వీధిలో నన్ను చెప్పనివ్వని మాటే ఇది, ఆయనొచ్చేలోగా నువ్వూ విను," అని జనం వైపు తిరిగింది.