నలభై ఏడు పంక్తులకు ఒకటి

రెండు వేల ఇరవై రెండు ఫిబ్రవరి ఇరవై ఏడు, ఆదివారం, పొద్దున పదిన్నరకు అది మొదలైంది. మదనపల్లెలో మా చర్చి పక్కనున్న హాల్లో, రెండో పూజ అయ్యాక. వచ్చినవాళ్లు నలభై ఒక్కమంది. ఆడవాళ్లు ఇరవై ఆరు, మగవాళ్లు పదిహేను. హాజరు పట్టీ రాసింది నేనే కాబట్టి ఈ అంకెల్లో పొరపాటు లేదు.

రోములో పోపుగారు ఆ రోజుల్లో ఒక కొత్త పని పెట్టారు. ప్రపంచంలో ప్రతి విచారణలోనూ, అంటే ఒక ఫాదర్ చూసుకునే ఊళ్లన్నిటిలోనూ, జనాన్ని కూర్చోబెట్టి తిరుసభ అనే మా కథోలిక సంఘం గురించి వాళ్లేమనుకుంటున్నారో అడగాలి. అలిగి మానేసినవాళ్లను కూడా పిలవాలి. చెప్పింది విని, రాసి బిషప్‌గారికి పంపితే అక్కడి నుంచి పైకి, పైనుంచి రోముకు పోతుంది. మా బిషప్‌గారి సర్క్యులర్ ఒక్కో విచారణకు రెండు పేజీలు మాత్రమే అంది. రాసే పని నాకిచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లు చర్చి బడిలో తెలుగు చెప్పినదాన్ని. అప్పటికి నాకు డెబ్బై ఒకటి.

మొదట ఎవరూ లేవలేదు. చివరకు వెనక బెంచీలోంచి ఒకాయన నిలబడ్డాడు.

"మన తెలుగు రోములో ఎవురు సదువుతారప్పా? ముందు మైకు సంగతి రాయండి. ఫాదరు చెప్పేది సగమే ఇనపడతాది."

"ఆ సగానికే నిద్ర పోతాండావు," అంది పక్కనున్న ఆయన భార్య. "మైకు బాగుపడితే రెండో సగానికి గురక ఇనపడతాది."

హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో నోళ్లు తెరుచుకున్నాయి. మొత్తం తొమ్మిదిమంది మాట్లాడారు. ఎనిమిదో ఆమె పుంగనూరు నుంచి ఆటోలో వచ్చేవాళ్లలో ఒకామె. సొంతూరు రామసముద్రం వైపు పల్లె. యాభై దాటి ఉంటాయి. కుప్పం అవతల, చర్చివాళ్ల ఆడపిల్లల హాస్టల్ ఒకదానిలో పదకొండేళ్లు వంట చేసి వచ్చింది. తల్లిలేని మనవరాలు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకుంది.

"నేను సెప్పేది మైకు సంగతి కాదు. రాసుకుంటావా టీచరమ్మా?"

"రాసుకుంటాను, చెప్పు."

"ఉన్నది ఉన్నట్ల రాయల్ల."

"ఉన్నది ఉన్నట్టే," అన్నాను.

ఆమె పద్నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఆ హాస్టల్ చూసుకున్న ఫాదర్, లెక్కల్లో వెనకబడ్డారని చెప్పి, సాయంత్రం జపమాల అయ్యాక ఒక్కొక్క పిల్లను తన గదికి పిలిపించుకునేవాడు. తలుపు మూసేవాడు. తిరిగొచ్చిన పిల్లలు అన్నం ముందు కూర్చుని తినేవాళ్లు కాదు. వాళ్లలో ఆమె మనవరాలూ ఉంది, ఎనిమిదో తరగతి. ఒకసారి ఈమె పాలగ్లాసు నెపంతో పోయి, తలుపు తీసేదాకా కొట్టింది. తేదీలు ఆమెకు తెలియవు. పండుగలు తెలుసు. సమాధుల పండుగ మర్నాడు, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టిన రోజు, ఈస్టర్ ముందొచ్చే తపస్సుకాలంలో మొదటి శుక్రవారం, ఇలా ఆరు చెప్పింది. ఆ ఆరింటినీ నేను పక్కనే తేదీలుగా మార్చి రాసుకున్నాను. సమాధుల పండుగ మర్నాడంటే నవంబరు మూడు. ఆ పని చేస్తూ ఆమె చెప్పేదానికి భయపడకుండా, నా లెక్కకు నేనే మురిసిపోయాను. అది కూడా ఇక్కడ రాయాలి.

"ఇద్దురు పెద్ద ఫాదర్లకి సెప్పినా," అంది ఆమె. "ఒకాయన ప్రార్థన సెయ్యమన్నాడు. ఇంకొకాయన ఆయప్పను ఆఫీసు పనికి మార్చినాడు. ఇప్పుడు జూన్‌లో మళ్లా ఇంకో హాస్టలు ఇస్తాండారంట. ఇయ్యొద్దని సెప్పల్ల. నాకు ఇంకేం వద్దు. పోపుగారే అడిగినాడు కదా, ఈ మాట ఆయనకు పోవల్ల."

అందరూ నేల చూశారు. మా ఫాదర్ కూడా. తొమ్మిదో మనిషి లేచి శ్మశానం గోడ గురించి మాట్లాడాడు.

మర్నాడు సాయంత్రం ఐదుకు ఫాదర్ మా ఇంటికి వచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, చెడ్డవాడు కాదు. నా భర్త ఆఖరి నెలలో ప్రతి శుక్రవారం పూజలో ఇచ్చే సత్ప్రసాదం ఇంటికే తెచ్చి ఇచ్చారు.

"ఆమె చెప్పింది రాసుకున్నారా టీచర్‌గారూ?"

"రాసుకున్నాను ఫాదర్. నలభై ఏడు పంక్తులు వచ్చింది."

"పంపాల్సింది రెండు పేజీలే కదా. వ్యక్తుల గురించి కాదు, సాధారణ అభిప్రాయాలు అని సర్క్యులర్‌లో ఉంది. కుదించడం మీకు నేను చెప్పాలా?"

కాఫీ సగం తాగి వెళ్లిపోయారు. తీసేయమని అనలేదు. ఈ మాట ఆయన కోసం రాస్తున్నాను, నాకు సాకు కాకుండా ఉండేందుకూ రాస్తున్నాను.

బడిలో నేను ఏటా చెప్పిన పాఠాల్లో సంక్షిప్తీకరణ ఒకటి. ఇచ్చిన భాగాన్ని మూడో వంతుకు కుదించాలి. పేర్లు, తేదీలు, ఉదాహరణలు, చెప్పిందే చెప్పడం తీసేయాలి. మాట్లాడే భాషను రాసే భాషలోకి మార్చాలి. మూలంలోని ముఖ్యాంశం మాత్రం మిగలాలి. మంగళవారం పొద్దున భోజనాల బల్ల మీద నోటుపుస్తకం, ఎర్రసిరా పెన్ను పెట్టుకుని అదే చేశాను. ఆరు తేదీలు, తేదీలు గనక పోయాయి. పాలగ్లాసు, ఉదాహరణ గనక పోయింది. అన్నం తినని పిల్లలు, తలుపు, జూన్ నెల అన్నీ పోయాయి. రాసే భాషలో ఫాదర్లు గురువులవుతారు. మిగిలింది ఇది: "గురువుల బదిలీల విషయంలో మరింత పారదర్శకత అవసరమని కొందరు అభిప్రాయపడ్డారు."

ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. బాగుందనిపించింది. ఎవరినీ నొప్పించదు, ఎవరూ తప్పు పట్టలేరు. గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. నా జీతం, నా పెన్షను, నా భర్త సమాధి అన్నీ ఆ చర్చి ఆవరణలోవే. దానికి చెడ్డ పేరు రాకూడదని నాకు ఉంది. నియమం ఆ కోరికకు చేతికర్ర అయింది, అంతే.

ఆ నియమాన్ని కూడా నేను సరిగా పాటించలేదని తర్వాత లెక్క వేస్తే తేలింది. నలభై ఏడు పంక్తుల్లో మూడో వంతంటే పదహారు దాకా రావాలి. అంత చోటు లేదనుకున్నా, నా నోట్సు ఇరవై రెండు పేజీలు, పంపింది రెండు, అంటే పదకొండో వంతు. ఆ లెక్కన ఆమెకు నాలుగు పంక్తులు దక్కాలి. నేనిచ్చింది ఒకటి. మైకుకు రెండిచ్చాను.

జనం చెప్పింది గోప్యం, చిత్తు ప్రతులు ఉంచుకోవద్దని కూడా సర్క్యులర్‌లో ఉంది. ఏ కాగితమూ పారేయని నేను, ఆ ఇరవై రెండు పేజీలనూ చింపి నీళ్లపొయ్యిలో వేశాను. ఆ ఒక్క నియమాన్ని పూర్తిగా పాటించాను.

జూలై పది, ఆదివారం, అన్ని విచారణల నుంచి వచ్చినవి కలిపి బిషప్‌గారి కార్యాలయం తయారుచేసిన నివేదికను పూజ చివర చదివారు. పుంగనూరు ఆమె మూడో వరసలో కూర్చుని, తల ఒక పక్కకు వంచి, మొదటి నుంచి చివరి దాకా వింది. బయట చెప్పుల దగ్గర నన్ను ఆపింది.

"నా మాట యాడ ఉండాది టీచరమ్మా?"

"బదిలీల గురించి వచ్చింది కదమ్మా. పారదర్శకత అని. అదే నీది."

"అంటే ఏంది?"

"దాపరికం లేకుండా ఉండాలని."

"అది నాది కాదు," అంది. "దాంట్లో నా పిల్ల లేదు. ఆయప్పా లేడు."

"పేర్లు రాయకూడదమ్మా, నియమం."

"నేను యాడ పేరు సెప్పినా? తలుపు అని సెప్పినా. తలుపు రాసేదానికి కూడా నియమం ఉండాదా?"

ఆమె గొంతు పెంచలేదు. "జూన్ అయిపాయ," అని మాత్రం అంది. ఆటోలో ఉన్నవాళ్లు పిలిస్తే పోయి కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారం ఆటోలో వచ్చినవాళ్లు నలుగురే. అంతకుముందు పదకొండుమంది వచ్చేవాళ్లు. ఆగస్టు చివరకు ఆటో మానుకున్నారు. పుంగనూరు బజారులో ఒక రోజు వాళ్లలో ఒకామె కనిపిస్తే, ఎందుకు రావడం లేదని అడిగాను.

"యాల రావల్ల?" అంది. "మన మాట రోముకు పోతాదంటిరి. రోము యాడనో ఉండాది. మీ ఇల్లు దాటలేదు కదా."

ఆమెకు అంతా తెలుసో, ఊరికే అందో నాకు తెలియదు. నేను కొన్న కూరగాయలు అంగడిలోనే వదిలేసి బస్సెక్కాను.

మరుసటి ఏడు రోములో జరిగిన పెద్ద సభలో మొదటిసారి ఆడవాళ్లకు ఓటు ఇచ్చారని చదివాను. నాలాంటివాళ్లకు అది పండుగ కావలసింది. పెద్దలు మారడం లేదని, తప్పు చేసినవాళ్లను కాపాడుకుంటారని జనం తిరుసభను తిట్టేటప్పుడు, ఆ పెద్దలు ఎక్కడో రోములో కార్డినళ్ల ఎర్ర టోపీలు పెట్టుకుని ఉంటారని నేనూ అనుకునేదాన్ని. పోపుగారు వింటాననే అన్నారు. మా హాల్లో ఇరవై ఆరుమంది ఆడవాళ్లలో ఒకతె నోరు విప్పి అసలు సంగతి చెప్పింది. దాన్ని ఆపింది ఇంకో ఆడదే, ఎర్రసిరా పెన్నుతో.

కొత్తగా వచ్చిన ఫాదర్ దగ్గర, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనలో ఈ సంగతి చెప్పాను. "మీరు ఆజ్ఞ పాటించారు, అందులో పాపమేముందమ్మా," అని ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నాడు. చెప్పాను. లెక్క సరిపోలేదు.

రెండు వేల ఇరవై ఐదులో ఈస్టర్ మర్నాడు ఆ పోపుగారు కన్నుమూశారు. మేలో కొత్త పోపు ఎన్నికైనట్టు తెల్లపొగ వచ్చిందని హాల్లో అందరూ ఫోన్లలో చూశారు.

"కొత్తాయన కూడా మంచోడే అంటాండారు," అన్నాడు మైకు మనిషి.

"పాతాయన మాత్రం చెడ్డోడా?" అంది ఆయన భార్య. "ఆయన దాకా పొయ్యే దోవే మనకు తెలీలేదు."

ఆగస్టులో తెలిసింది. ఆమె చెప్పిన ఆ హాస్టల్ ఫాదర్‌కు రెండు వేల ఇరవై రెండు జూన్‌లో నిజంగానే ఇంకో హాస్టల్ ఇచ్చారు. మూడేళ్ల రెండు నెలలు అక్కడే ఉన్నాడు. చివరకు ఆ ఊరి తల్లిదండ్రులే పోలీసు స్టేషన్‌కు పోయారు. ఇంతకుముందు ఈయన మీద ఏమైనా ఫిర్యాదు ఉందా అని పోలీసులు అడిగితే, రాతపూర్వకంగా ఏదీ లేదని చర్చి పెద్దలు జవాబిచ్చారట. ఆ జవాబు అబద్ధం కాదు. ఉన్న ఒక్క రాతనూ నీళ్లపొయ్యిలో వేసింది నేను.

సెప్టెంబరు పద్దెనిమిది, గురువారం, పొద్దున ఆరుంబావు బస్సుకు కుప్పం బయలుదేరాను. హాల్లో మాట్లాడిన ఆమె ఇప్పుడు అక్కడ ఉందని పుంగనూరులో చెప్పారు. బస్టాండు వెనక సందులో ఒక గది. ఎనిమిదో తరగతితోనే చదువు మానేసిన మనవరాలు బట్టలు కుట్టే చోట పనికి పోయింది. ఆమె చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి చాప వేసింది.

"ఏమ్మా, ఇంత దూరం?"

చెప్పాను. పంక్తుల సంగతి, పొయ్యి సంగతి కూడా చెప్పాను. "ఇప్పుడు మళ్లీ చెప్పు. ఒక్క అక్షరం తీయను. పోలీసులకు ఇస్తాను, బిషప్‌గారికి ఇస్తాను, కొత్త పోపుగారికి కూడా పంపుతాను," అన్నాను.

ఆమె గింజలు ఒక పక్కకు తోసింది. "ఇప్పుడు నీకు రాయల్లని ఉండాది. నాకు సెప్పల్లని లేదు."

"ఎందుకమ్మా?"

"అప్పుడు సెప్పింది ఇంకో పిల్లకు అట్ల కాకూడదని. అయ్యిపాయ కదా. నా పిల్ల ఇప్పుడిప్పుడే నిద్ర పోతాండాది. దాన్ని మళ్లా ఆ గదిలోకి నేను తోలలేను."

నేను క్షమించమని అడిగాను. ఆమె అన్నం తిని పొమ్మంది. సంగటి, నంజుకోను వేరుశనగ ఊరుబిండి పెట్టింది. తిన్నాను. మధ్యాహ్నం రెండింటి బస్సెక్కించింది.

ఇంటికి వచ్చి ఆ వారమంతా కూర్చుని, ఆమె మాటల్లో నాకు గుర్తున్నవి రాశాను. ఆమె ఆచూకీ గానీ మనవరాలి ఆచూకీ గానీ రాయలేదు. నేను విన్నాననీ, రాశాననీ, కుదించి కాల్చాననీ నా పేరుతో రాసి సంతకం పెట్టాను. ఒక ప్రతి పోలీసు స్టేషన్‌లో ఇచ్చాను, ఇంకొకటి బిషప్‌గారి కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ చదివి, "తేదీలు లేవా అమ్మా?" అని అడిగాడు. ఏ ఏడాదులో గుర్తు లేక, ఏటా మారని నవంబరు మూడు ఒక్కటే చెప్పగలిగాను. ఆమె మళ్లీ చెప్పకపోతే, విన్నవాళ్ల మాటకు అంత బలం ఉండదన్నాడు. బిషప్‌గారి కార్యాలయం నుంచి అందినట్టు రసీదు వచ్చింది. ఇది రాసే రోజుకు ఇంకేమీ రాలేదు.

పోయినవి:

ఆమె చెప్పిన నలభై ఏడు పంక్తుల్లో నాకు గుర్తు రానివి, ముప్పై మూడు.

ఆరు తేదీల్లో ఐదు.

పుంగనూరు నుంచి పూజకు వచ్చేవాళ్లు, పదకొండుమంది.

ఒక పిల్ల చదువు, ఎనిమిదో తరగతి దగ్గర.

మూడేళ్ల రెండు నెలలు.

ఆ మూడేళ్ల రెండు నెలల్లో రెండో హాస్టల్లో ఉన్న పిల్లలు. ఎంతమందో రెండుసార్లు అడిగాను. ఎవరూ చెప్పలేదు.