గోడ మీద గీత ఎవరిది?

ఎవరికీ చెప్పొద్దండి అని మిమ్మల్ని అడగాలని ఉంది గానీ, లాభం లేదు. జరిగిందే అరవై మంది పిల్లోళ్ల ముందర!

నేను పెనుకొండలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా కదా. రోజూ హిందూపురం నుంచి బస్సులో పోయి వస్తాంటా. పోయిన నెల మా ల్యాబుకు రెండు వైర్‌లెస్ పీహెచ్ సెన్సార్లు వచ్చినాయి. లావుపాటి పెన్ను మాదిరి ఉంటాయి. బీకర్లో ముంచితే చాలు, అందులో ఎంత యాసిడ్ ఉందో బ్లూటూత్‌లో ట్యాబ్‌కు పంపిస్తాయి. యాసిడ్ తగ్గే కొద్దీ పైకి లేచే గ్రాఫ్ ట్యాబ్‌లో దానంతట అదే గీసుకుంటూ పోతుంది.

ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు! స్టాఫ్ రూములో పొద్దస్తమానం అదే మాట. మా సీనియర్ ఓబుళేసు సార్‌కు విని విని విసుగొచ్చింది.

"ఏమ్మా సుజాతా, టైట్రేషన్‌లో ఏముండాది? కింద యాసిడ్, పైన బ్యూరెట్ గొట్టంలో కాస్టిక్ సోడా. చుక్క చుక్క వదులు. గులాబీ రంగు వస్తానే నిలుపు. దీనికి బ్లూటూత్ యాలమ్మా?"

"మీ కండ్లకు గులాబీ కనపడేలోపల రెండు చుక్కలు ఎక్కువ పడింటాయి సార్," అంటి.

ఆయనకు ఈమధ్యనే కంటి ఆపరేషన్ అయింది. అనకూడని మాట. అనేసినా. సార్ టీ గ్లాసు కింద పెట్టి క్లాసుకు పోయినాడు.

నిన్న పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసర్ వచ్చినారు. డెమో నచ్చితే ల్యాబులో ప్రతి బల్లకూ ఒక సెన్సార్ ఇప్పిస్తారంట. నేను ధర్మవరం పట్టుచీర తీసి కట్టుకుంటి. పైన ల్యాబ్ కోటు వేసుకుంటే చీర కనపడదని గుండీలు పెట్టుకోలే. నా ధ్యాస యాడుండాదో ఇంక మీరే అర్థం చేసుకోండి.

బీకర్లో యాసిడ్ పోస్తి. రంగు తెచ్చే ఫినాఫ్తలీన్ కూడా రెండు చుక్కలు వేస్తి. సెన్సార్ ముంచి ట్యాబ్ తెరిస్తే రెండు సెన్సార్ల నంబర్లు కనపడినాయి. నలభై ఏడు ఒకటి, డెబ్బై నాలుగు ఒకటి. నా సెన్సార్ నంబరు దాని వీపు మీదే రాసుంటుంది. చూసినానా? చూడలే. రెండోది అల్మరాలో ఉండాలి కదా, ఆన్ ఎట్లయిందని అనుకున్నానా? అదీ లేదు. పైన కనపడిందాన్ని నొక్కితి. కనెక్ట్ అయ్యె.

ఆ తర్వాత బ్యూరెట్ కుళాయి తిప్పితి. అది పావు చుట్టు తిప్పితే తెరుచుకుంటుంది, అర చుట్టు తిప్పితే మళ్లీ మూసుకుంటుంది. ఈ మాట ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పేది నేనే. నిన్న నేను తిప్పింది అర చుట్టు. కండ్లు ఆఫీసర్ మీద పెట్టుకుని తిప్పితే అంతే మరి!

ప్రొజెక్టర్ పెట్టినాం కాబట్టి గ్రాఫ్ గోడ మీద ఇంత పెద్దగా పడింది. గీత మెల్లగా లేస్తాంది. రెండు, రెండున్నర, మూడు... పిల్లోళ్లు ఊపిరి బిగబట్టి చూస్తాండారు. ఉన్నట్టుండి గీత నిట్టనిలువుగా పదికి ఎగబాకె!

"చూడండి! ఇదే ఎండ్ పాయింట్! యాసిడ్ అయిపోయింది!" అని అరిస్తి. చప్పట్లు! ప్రిన్సిపాల్ సార్ అయితే నిలబడి కొట్టినారు.

లేపాక్షి నుంచి వచ్చే మంజుల చెయ్యెత్తింది. "మేడం, మీ బీకర్లో రంగు రాలేదు."

చూస్తే నిజమే. తేట నీళ్ల మాదిరి ఉండాది. అప్పుడన్నా ఆగాల్సింది. నేను ఆగుతానా?

"రంగును నమ్ముకునేది పాతకాలం మంజులా. కన్ను మోసపోతుంది, సెన్సార్ మోసపోదు."

ఆఫీసర్ తల ఊపినారు. పెన్ను తీసినారు. "బాగుందమ్మా. బ్యూరెట్ రీడింగ్ ఎంత?"

వంగి చూస్తి. సున్నా. పైదాకా నిండుగా ఉండాది. ఒక్క చుక్క దిగలే!

సోడా పడకుండా యాసిడ్ ఎట్ల పోయింది? పద్నాలుగేండ్ల సర్వీసులో చెప్పిన కెమిస్ట్రీ అంతా కండ్ల ముందర తిరిగింది. దేంట్లోనూ జవాబు లేదు.

"అది... సార్... ఈ సెన్సార్ చాలా సెన్సిటివ్..." అని నసుగుతాంటే, పక్కనే ఉండే స్టోర్ రూములో నుంచి ఒక కేక.

"వచ్చెరా గులాబీ!"

తలుపు తీసుకుని ఓబుళేసు సార్ బయటికొచ్చినాడు. ఒక చేతిలో బీకరు, లోపల ముద్దొచ్చే గులాబీ రంగు, అందులో రెండో సెన్సార్. ఇంకో చేతిలో ఫోను. ల్యాబులో ఇంతమంది ఉన్నారని ఆయనకు గుర్తే లేదు.

"అమ్మా సుజాతా, రంగు బ్రహ్మాండంగా వచ్చింది గానీ, నా ఫోన్లో ఒక్క నంబరూ రాలే. ఈ సెన్సార్ చచ్చిపోయిందా ఏంది చూడు," అని దాన్ని బయటికి తీసి విదిలించినాడు.

గోడ మీద గీత ఎగిరెగిరి పడింది!

"మేడం, సార్ విదిలిస్తే మన గ్రాఫ్ ఊగుతాంది!" అని మంజుల అరిచె. ఇంక చూడండి, క్లాసంతా ఒకటే నవ్వు. ఆయన సెన్సార్ నా ట్యాబ్‌కు దొరికితే ఆయన ఫోన్‌కు యాడ నుంచి వస్తాది నంబరు? నేను వర్ణించి వర్ణించి చెప్పిన గ్రాఫంతా గోడవతల సార్ వదిలిన చుక్కలది!

సార్‌కు విషయం అర్థమయ్యే కొద్దీ ముఖం కూడా బీకరు రంగుకు తిరిగింది. "ఏం లేదమ్మా... నువ్వంటివే రెండు చుక్కలు ఎక్కువని. నిజమేనేమో చూసుకుందామని..." అని గొణిగినాడు. నాకు పాపం అనిపించింది. సిగ్గు కూడా వేసింది. గ్రాఫ్ చూస్తే ఆయన కుళాయి కట్టేసింది సరిగ్గా గీత లేచిన తావులోనే. చుక్క కూడా ఎక్కువ పడలే!

"సార్, తప్పు నాదే," అంటి, అందరి ముందరే. "ఈసారి కుళాయి మీరు పట్టుకోండి. నేను నంబరు చూసి నొక్కుతా."

మళ్లీ చేసినాం. గీత లేచేదీ, గులాబీ వచ్చేదీ ఒక్కసారే అయ్యె. పిల్లోళ్ల ఈలలు బస్టాండు దాకా వినపడింటాయి.

ఆఫీసర్ నవ్వు ఆపుకుంటూ విజిట్ బుక్కులో రాసి పోయినారు. నేను ఉరికిపోయి చూస్తి. "సెన్సార్లు బాగా పని చేస్తున్నాయి. గోడ అడ్డమున్నా సిగ్నల్ అందుతోంది. ప్రతి బల్లకూ ఇవ్వవచ్చు. కెమిస్ట్రీ మేడంకు బ్యూరెట్ తిప్పడంలో శిక్షణ అవసరం."

ప్రిన్సిపాల్ సార్ ఈ పొద్దే ఆర్డర్ తీసినారు. శిక్షణ ఇచ్చేది ఓబుళేసు సార్. సోమవారం నుంచి, ఫస్టియర్ పిల్లోళ్లతో పాటు, ముందు బెంచీలో నేను. మంజుల నాకు సీటు పట్టి పెడతానని మాటిచ్చింది.