సైదమ్మ కొంగులో మాత్రలు

1968 మొదట్లో నన్ను దర్శి ప్రాంతంలోని ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి అసిస్టెంట్ సర్జనుగా బదిలీ చేశారు. ఆ తాలూకా అప్పటికింకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆసుపత్రికంతా నేనొక్కదాన్నే డాక్టర్ని. నాకు తోడు ఒక కాంపౌండరు, ఒక నర్సు. పేరుకు సర్జననే గానీ కాన్పు మొదలుకొని కుక్కకాటు దాకా అన్నీ చూడాలి.

మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్న రోజుల్లో సైదమ్మను ఎడ్లబండి మీద తెచ్చారు. ముప్పై దాటని మనిషి. బావి దగ్గర నీళ్లు చేదుతూ కళ్లు తిరిగి పడింది, నుదురు చిట్లింది. ఇవతలికి పడింది కాబట్టి సరిపోయింది, అవతలికి పడితే బావిలోకే. రెండు నెలలుగా ఇలాగే పడుతోందట. మూర్ఛ అని కొందరు, గాలి సోకిందని కొందరు తేల్చేశారు. భర్త మస్తాన్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అతను మాత్రం రెండూ నమ్మలేదు.

"గుండె జబ్బండి. గుంటూరులో పెద్ద డాక్టరు గారే చెప్పారు. మందు నాకాడే ఉంది" అని చొక్కా జేబులోంచి సీసా తీసి చూపించాడు.

అది ప్రొప్రనొలాల్. బీటా బ్లాకర్లనే జాతి మందుల్లో తొలినాళ్లది, మా వైపు అప్పుడప్పుడే వస్తోంది. గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఈ పడిపోవడాలు మొదలవకముందు, గుండెదడ అని వెళితే ఆ డాక్టరు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వాడమన్నాడు.

కళ్లు తిరిగి పడేవాళ్లను మేం పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడీ రక్తపోటూ చూస్తాం. సైదమ్మ నాడి పడుకున్నప్పుడే యాభైకి లోపు ఉంది. నిలబెట్టగానే రక్తపోటు దిగజారింది, మళ్లీ తూలింది. కింది కనురెప్ప లాగి చూస్తే ఎరుపన్నది లేదు. వరస కాన్పులు, కడుపులో కొంకిపురుగులు. ఒంట్లో రక్తం చాలక, ఉన్న కాస్త రక్తాన్నే తిప్పడానికి గుండె పరుగెత్తేది. ఆమెకు దడ అనిపించింది అదే. మందు ఆ పరుగును ఆపేసింది. మనిషి లేచి నిలబడితే తలకు రక్తం అందడం లేదు.

ఇంత వివరంగా చెప్పి మందు ఆపమన్నాను. మస్తాన్ నన్ను జాలిగా చూశాడు.

"అది ఏస్తేనే కదండీ లేస్తంది! పడంగానే పండబెట్టి నాలిక మీద మాత్ర పెడతా. అన్నం తిన్నంతసేపు కూడా పట్టదు, లేచి కూసుంటది. మా బజారంతా చూసిందండి."

అప్పటికి గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. రోజూ వేసే రెండూ కాక, పడిన ప్రతిసారీ ఇంకొకటి వేస్తున్నాడు. పడుకోబెట్టడం వల్ల ఆమె తేరుకుంటోంది, పేరేమో మాత్రకు వస్తోంది. ఆ మాత్ర వల్ల మర్నాడు మళ్లీ పడుతోంది.

సీసా లాక్కుని సైదమ్మను వార్డులో చేర్చుకున్నాను. పురుగుల మందు, ఇనుము మాత్రలు మొదలుపెట్టాను. నాడి రెండు రోజుల్లో పుంజుకుంది. తర్వాత మళ్లీ పడిపోయింది, ఆ సాయంత్రం మనిషీ వరండాలో పడిపోయింది. నర్సును కేకలేశాను, పాపం ఆమె తప్పేమీ లేదు. మస్తాన్ దగ్గర ఇంకో సీసా ఉంది. సంగటి ముద్దలో పెట్టి తినిపిస్తున్నాడు.

"నీ పెళ్లాన్ని నువ్వే చంపుకుంటావా?" అన్నాను.

"మీరు మందు ఆపితే చూస్తా ఊరుకోమంటారా అమ్మా? పిల్లల తల్లండి" అన్నాడు. కళ్లలో నీళ్లు. తిట్టడానికి కూడా వీల్లేని మనిషి.

అతను బయటికి వెళ్లాక సైదమ్మను అడిగాను, నీకేమనిపిస్తోందని.

"మాత్ర మింగినాకే కళ్లు మసకలు కమ్ముతన్నయ్యమ్మా. వద్దంటే ఏడుస్తాడు. ఏం జెయ్యను?"

"వద్దనకు. ముద్దలో పెట్టకుండా చేతికిమ్మను. నోట్లో వేసుకున్నట్టు చేసి కొంగున కట్టుకో" అన్నాను. వైద్య కళాశాలలో ఇలాంటి చికిత్స ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా పడలేదు. నాడి మామూలైంది, కనురెప్పల్లోకి రంగు రావడం మొదలైంది. ఇంటికి పంపే రోజు మస్తాన్ నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమనుకోమాకండి డాక్టరమ్మ గారూ. మీరు వద్దన్నా పూటపూటా ఇస్తానే ఉన్నా. చూడండి, ఒక్కనాడన్నా పడిందా?"

సైదమ్మ కొంగు ముడి విప్పి మాత్రలన్నీ బల్ల మీద పోసింది. కొన్ని అప్పటికే పొడిపొడిగా రాలాయి.

మస్తాన్ వాటిని వేలితో కదిపి చూశాడు. సిగ్గుపడతాడనుకున్నాను.

"అయితే కొంగున కట్టినా పన్జేస్తయ్యన్నమాట" అన్నాడు.

నేను తల పట్టుకున్నాను. సైదమ్మ మాత్రం పడీపడీ నవ్వింది. చివరికి, "కొంగున కట్టుకో, మింగావంటే గుణం పోతుంది" అని ఒప్పందం చేసుకుని పంపాను. ఇనుము మాత్రలు మాత్రం మింగేవేనని రెండుసార్లు చెప్పించుకున్నాను. కోతలయ్యాక నడిచి వచ్చి కనిపించింది, బాగానే ఉంది.

పరుగెత్తే నాడిని తగ్గించే ముందు అది ఎందుకు పరుగెత్తుతోందో చూడాలి. అది పుస్తకాల్లోనే ఉంది, దానికి దర్శి దాకా పోనక్కర్లేదు. అక్కడ నేర్చుకున్నది వేరు. కళ్లు తిరిగి పడినవాళ్లు చాలామంది, వెల్లకిలా పడుకోబెడితే తమంతట తామే లేస్తారు. ఆ కాసేపట్లో ఎవరి చేతిలో ఏముంటే దానికి పేరొస్తుంది. అక్కడ డాక్టరుంటే డాక్టరుకీ వస్తుంది. అందుకే ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, పడి లేచిన ప్రతి మనిషినీ పడకముందు ఏం మింగావని అడిగాను. పడ్డాక ఏం మింగించారని పక్కవాళ్లనూ అడిగాను.